డోర్‌మ్యాటు మీద పేరు

కొత్తపేట
జూన్ 9, 2025

పింకీకి,

నేను ఫోను చేస్తే నువ్వు డ్యూటీలో ఉంటావు, నువ్వు చేస్తే మా మిషన్ల మోతలో నాకు వినపడదు. అందుకని ఇంటర్ సెలవుల్లో రాసుకున్నట్టు తీరిగ్గా ఉత్తరం రాసి మెయిల్లో పెడుతున్నాను. నువ్వూ అలాగే రాయి. పొడిపొడి మెసేజీలు నాకొద్దు.

మీ జర్మనీ వాళ్ళకి మతి పోయింది. మన పీచు డోర్‌మ్యాట్లు సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి అక్కడివాళ్ళు ఆన్‌లైన్లో కొంటున్నారని చెప్పాను కదా. ఇప్పుడు ఆ ఆన్‌లైన్ కంపెనీ మెయిలు పెట్టింది. నేను పంపే సరుకు తాలూకు చెత్తకి బాధ్యత నాదేనట, నా పేరు వాళ్ళ దేశంలో నమోదు చేయించుకుని నంబరు ఇవ్వాలట, లేకపోతే ఆగస్టు ఆఖరుకి నా సరుకు తీసేస్తారట. చెత్తంటే మ్యాటు అనుకునేవు, కాదు. మ్యాటుకి చుట్టిన కవరు. దాన్ని పెట్టిన అట్టపెట్టె. అక్కడెవరో ముసలమ్మ పెట్టె విప్పి అట్ట బుట్టలో పారేస్తే, కొత్తపేటలో కూర్చున్న సత్యప్రియ దానికి జవాబు చెప్పాలి.

చదివి చదివి నవ్వుకున్నాను. మా యూనిట్ వెనక కాలవ గట్టు చూశావుగా. ఊరందరి కొబ్బరి డొక్కలూ, కవర్లూ, పెళ్ళిళ్ళ ప్లేట్లూ అక్కడే. పంచాయతీ బండి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఏనాడూ ఒక్కడు వచ్చి ఇది ఎవరిదని అడగలేదు. దేశాలకి దేశాలు ఏలుదామని బయల్దేరిన జాతి చివరికి చెత్తబుట్టల దగ్గర తేలింది. పనీపాటా లేని ప్రభుత్వం అని మా ఆయనతో అన్నాను. వెంకటకృష్ణ సంగతి నీకు తెలుసుగా, ఎవరేం అడిగినా ఇచ్చేసి ఒడ్డున పడదామంటారు. ఈయన మాట వింటే నేను ఇంకా మా నాన్న తోటలో కాయలు లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని.

నువ్వు అక్కడ ఆస్పత్రిలో నలుగురితో మాట్లాడతావు కదా. ఈ చెత్త గోల ఏమిటో కనుక్కుని రాయి. మీ నాన్నగారు, మన మాస్టారు, మొన్న పోస్టాఫీసు దగ్గర కనిపించారు, బాగున్నారు. మా అమ్మాయిలాంటిదని అక్కడ ఎవరికో నన్ను చూపించారు.

నీ సత్య


కాసెల్
జూన్ 21, 2025

సత్యా,

నీ ఉత్తరం రాత్రి డ్యూటీ దిగి ట్రాములో చదివాను. నవ్వొచ్చింది. ఈ చెత్త గోల నీకంటే ముందు నేను పడ్డాను. వచ్చిన కొత్తలో పెరుగు కప్పు ఒకటి కాగితాల బుట్టలో వేశాను. మా ఇంటి ఓనరమ్మ దాన్ని బయటికి తీసి, కడిగి, తుడిచి, నాలుగో అంతస్తు ఎక్కి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మీదనుకుంటాను" అంది. తిట్టినా బాగుండేది.

మా వార్డులో ఒకామె భర్త ఇలాంటి వ్యాపారమే చేస్తాడు, ఆయన్ని అడిగాను. పద్ధతి ఇదీ. ఈ దేశంలోకి ప్యాకింగు ఎవరు మొదట తెస్తారో, దాన్ని తిరిగి పోగుచేసి మళ్ళీ వాడేలా చేసే ఖర్చు వాళ్ళే భరించాలి. అందుకు ముందు ప్యాకింగ్ రిజిస్టరులో నీ కంపెనీ పేరు రాయించుకోవాలి. అది ఉచితం. తర్వాత చెత్త పోగుచేసే కంపెనీల్లో ఒకదానితో ఒప్పందం చేసుకుని, ఏటా ఎంత అట్ట, ఎంత ప్లాస్టిక్కు పంపుతున్నావో చెప్పి, ఆ బరువుకి డబ్బు కట్టాలి. నీలాంటి చిన్న వ్యాపారానికి అదేం పెద్ద మొత్తం కాదన్నాడు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాడు. రిజిస్టరులో పేరు నువ్వే స్వయంగా రాయించుకో, మధ్యవాళ్ళ చేతికి ఇవ్వకు. ఆ సైటు ఇంగ్లీషులో కూడా ఉంది. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుందట.

నువ్వు మ్యాథ్స్‌లో నా కంటే ముందుండేదానివి. ఇది నీకో లెక్క కాదు.

నాన్నని చూసినట్టు రాశావు, సంతోషం. 

పింకీ


కొత్తపేట
జూలై 4, 2025

పింకీకి,

ఒక సాయంత్రం కూర్చోమన్నావు. కూర్చున్నాను. మొదటి పేజీలోనే నా ప్యాకింగు ఏ రకం, అందులో అట్ట బరువెంత, ప్లాస్టిక్కు బరువెంత అని మొదలెట్టారు. కవర్లు తూచుకుంటూ కూర్చోడానికి నాకేం పని లేదనుకున్నారా వాళ్ళు? మూసి పారేశాను.

అమలాపురంలో నాగసతీష్ అని ఎక్స్‌పోర్ట్ కన్సల్టెంటు ఉన్నాడు. రొయ్యలవాళ్ళ కాగితాలన్నీ అతనే చూస్తాడు. ఏసీ గది, గోడ నిండా దేశాల జెండాలు. నా గోడు విని, "ఆయ్, ఇదేముందండి మేడంగారూ, తెల్లోళ్ళు రూలు పెట్టేది మనం దాటుతామనే కదండి" అన్నాడు. నంబరు తనే తెప్పిస్తాడట. కాకపోతే జర్మనీలో ఉన్న మనిషి ఎవరైనా మా ప్రతినిధిగా కాగితం మీద ఉంటే పని తొందరగా అవుతుందట. పేరూ, అడ్రసూ, ఒక సంతకం. అంతే. నువ్వు చెయ్యాల్సింది ఏమీ ఉండదు.

మాకు అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు? యూనిట్లో పన్నెండుమంది ఆడవాళ్ళు ఈ మ్యాట్ల మీదే బతుకుతున్నారు. మీ చుట్టాలావిడ వెంకటదుర్గ కూడా వాళ్ళలో ఉంది. కాగితం పంపుతాను, సంతకం చేసి ఫొటో తీసి పెట్టు.

నీ సత్య


కాసెల్
జూలై 8, 2025

సత్యా,

వెంటనే రాస్తున్నాను, నువ్వు కాగితం పంపే ముందే అందాలని.

నేను చెయ్యలేను. నా పర్మిట్టు మీద నర్సు ఉద్యోగం అని రాసి ఉంది. ఇంకే వ్యాపారంలోనూ నా పేరు ఉండడానికి వీల్లేదు. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టి నాలుగు నెలలైంది, ఇప్పుడు నా గురించి ప్రతి కాగితమూ తిరగేస్తారు. పైగా ప్రతినిధి అంటే ఉత్తినే పేరు కాదు. నీ బదులు జవాబు చెప్పాల్సిన మనిషి. ఆ పనే వృత్తిగా చేసే సంస్థలు ఇక్కడున్నాయి, అడ్రసులు కావాలంటే పంపుతాను.

ఆ సతీష్‌ని నమ్మకు. నంబరు తెప్పించడానికి అతనెవరు? నంబరు నీ పేరు మీద నీకు రావాలి. నువ్వు నింపలేనంటే, కవర్లు తూచి ఫొటో పెట్టు, ఆ పేజీలు నేను వీడియో కాల్లో పక్కనే ఉండి నింపిస్తాను. ఆదివారం నాకు సెలవు.

కోపం తెచ్చుకోకు. నాకు ఈ ఉద్యోగం ఎంత కష్టపడితే వచ్చిందో నీకు తెలుసు. 

పింకీ


కొత్తపేట
ఆగస్టు 27, 2025

పింకీకి,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని అలిగానేమో అనుకోకు. వర్షాలు, డొక్క తడి ఆరక తిప్పలు. నువ్వు భయపడింది ఏమీ జరగలేదులే. సతీష్ అంతా చూసుకున్నాడు. నంబరు వచ్చింది, ఆన్‌లైన్ కంపెనీ వాళ్ళు చూసి సరేనన్నారు, ఏదో చిన్న కాగితం మిగిలిందంతే, సరుకు ఆగకుండా కదులుతోంది. ఆ ముసలమ్మల రూలు చివరికి ఎంత గట్టిదో చూశావా. నలుగురు మనుషుల్ని పెట్టి తలుపు కాయించి, దొడ్డిదారి తెరిచి ఉంచారు.

నువ్వు అక్కడికి వెళ్ళాక బొత్తిగా వాళ్ళలాగే తయారయ్యావని వెంకటకృష్ణతో అన్నాను. ఎర్రలైటు ఉంటే, రోడ్డు మీద ఎవరూ లేకపోయినా నిలబడిపోతారట కదా. నిలబడండి.

దసరాకి నీకు ఆత్రేయపురం పూతరేకులు పంపుదామనుకుంటున్నాను. కొరియరువాడు అడ్రసులో ఒక్క అక్షరం తేడా వచ్చినా తీసుకోనంటున్నాడు. నీ వీధి పేరూ, ఇంటి నంబరూ, పిన్‌కోడూ విడివిడిగా రాసి పంపు. ఫోను నంబరు కూడా.

నీ సత్య


కాసెల్
నవంబరు 3, 2025

సత్యా,

పూతరేకులు రాలేదు. మ్యాట్లు వచ్చాయి.

మొదటిది పోయిన నెల వచ్చింది. నువ్వే నాకు బహుమతిగా పంపావనుకుని గుమ్మంలో వేసుకున్నాను కూడా. తర్వాత ఇంకో రెండు. ఆ మర్నాడు పోస్టువాడు బండి తెచ్చుకున్నాడు. మొత్తం పదిహేడు పెట్టెలు ఇప్పుడు నా మంచానికీ గోడకీ మధ్య ఉన్నాయి. మెట్ల మీద పెట్టనివ్వనని ఓనరమ్మ చెప్పింది. ప్రతి పెట్టెలో ఒక చీటీ. రంగు దిగిందని ఒకరు, వాసన వేస్తోందని ఒకరు, తడి నేల మీద మరక పడిందని ఒకరు. తిప్పి పంపిన సరుకు. ఎవరికి తిప్పి పంపాలో మ్యాటు వెనక అచ్చువేసి ఉంది. జర్మనీలో బాధ్యత గల ప్రతినిధి, కొల్లాబత్తుల పింకీ. కింద నా వీధి, నా ఇంటి నంబరు, నా ఫోను నంబరు. ఫోను ఆస్పత్రిలో ఉండగా మోగుతోంది. రోగికి సూది వేస్తూ, నేను కానని ఎవరికో చెప్పుకోవాల్సి వచ్చింది.

అడ్రసు విడివిడిగా రాయమన్నావు. రాశాను. స్పెల్లింగు తప్పు పోకుండా రెండుసార్లు చూసి మరీ రాశాను.

ఇది సతీష్ నీకు చెప్పకుండా చేశాడా, చెప్పి చేశాడా? ఆ ఒక్కటీ రాయి. ఇంకేమీ రాయొద్దు. నా పేరు ఈ రోజే తీయించు.

పింకీ


కొత్తపేట
నవంబరు 9, 2025

పింకీకి,

ఏదో హత్య జరిగినట్టు రాశావు. సతీష్ చెప్పే చేశాడు. నేనే అడ్రసు ఇచ్చాను. నువ్వు సంతకం చెయ్యనన్నావు కాబట్టి ఆ శ్రమ కూడా నీకు లేకుండా చూశాం. సరుకు తిరిగి వస్తుందని ఎవరనుకున్నారు? మొదటి వాన తడి డొక్కతో నేసినవి కొన్ని వెళ్ళిపోయాయి. మంచి సరుకు మొదలైంది, ఇక రావు. వచ్చినవి మీ వార్డులో వాళ్ళకి పంచిపెట్టు. క్రిస్మస్ కదా.

పేరు ఇప్పుడే తీస్తే అకౌంటు ఆగిపోతుంది. పండగ సీజను. జనవరి దాకా ఊరుకో.

ఒక మాట రాస్తాను, ఏమనుకున్నా అనుకో. ఏముంది ఇందులో, పేరే కదా. మీ మామ్మ, ఆ చిన్నమ్మలు, మా తోటలో డొక్కలు కొట్టిన రోజుల్లో మా తాతగారి పేరు చెప్పుకుని మీవాళ్ళు ఎన్ని పనులు చేయించుకోలేదు? ఆయన పేరు చెబితేనే కదా మీ నాన్నగారికి అమలాపురం హాస్టల్లో సీటు దొరికింది. అప్పుడు మావాళ్ళు ఎవరూ మా పేరు తీసెయ్యండని ఉత్తరాలు రాయలేదు. మీ ఇంటికి మా పేరు రెండు తరాలు పనికొచ్చింది. మాకు నీ పేరు రెండు నెలలు పనికిరాకూడదా?

జర్మనీ వెళ్ళి నర్సువయ్యావని మమ్మల్ని మరిచిపోతే ఎలా.

సత్య


కాసెల్
నవంబరు 24, 2025

సత్యప్రియ గారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదవాల్సిన అవసరం కలగలేదు.

మీకు తెలియాల్సిన విషయాలు ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. పోయిన మంగళవారం ప్యాకింగ్ రిజిస్టరు ఆఫీసు నుంచి నా పేరు మీద నోటీసు వచ్చింది. మీ మ్యాట్ల మీద వేసిన రిజిస్ట్రేషను నంబరు మీది కాదు. కొవ్వొత్తులు చేసే ఒక కంపెనీది. వాళ్ళు కాగితాల్లో తేడా చూసుకుని ఫిర్యాదు చేశారు. ప్రతినిధిని కాబట్టి సంజాయిషీ నన్ను అడిగారు, డిసెంబరు పదిహేను లోపల. ఆన్‌లైన్ కంపెనీకి మీరిచ్చిన నియామక పత్రం నకలు కూడా జత చేశారు. దాని మీద నా సంతకం ఉంది. మూడు సంవత్సరాలు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, నా పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తానో మీకు గుర్తులేదు. చివర అక్షరం తప్పు. నా పేరు పెట్టుకునే ముందు నా పేరేమిటో చూసుకోవాలని కూడా మీకు తోచలేదు.

మా హెడ్‌నర్సుకి చెప్పాను. ఆవిడ ఆస్పత్రి లాయరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రెండు ప్రశ్నలు అడిగాడు. సంతకం మీదేనా? కాదన్నాను. ఎవరు పెట్టారో మీకు తెలుసా? తెలుసన్నాను. పేరు అడిగాడు. గడువు దాకా ఆగమన్నాను. అప్పటిదాకా నా శాశ్వత నివాసం ఫైలుని నివాసం ఆఫీసువాళ్ళు పక్కన పెట్టి ఉంచారు. తేలకపోతే ఏమవుతుందో ఆయన చెప్పాడు. మీకు ఆసక్తి ఉండకపోవచ్చు, రాయను.

మీరు చేయాల్సింది ఒకటే. ఆ ఆఫీసుకీ, ఆన్‌లైన్ కంపెనీకీ జరిగింది జరిగినట్టు రాయండి. నంబరు ఎవరిదో, సంతకం ఎవరు పెట్టారో, నాకు తెలియకుండా ఎలా చేశారో. డిసెంబరు పదో తారీకు లోపల రాస్తే నేను ఎవరి పేరూ చెప్పాల్సిన పని ఉండదు. రాయకపోతే చెబుతాను. మా ఇంట్లో మీ పేరు చెప్పుకునే అలవాటు ఉందన్నారు కదా.

కె. పింకీ


కొత్తపేట
డిసెంబరు 8, 2025

పింకీ,

ఈ గారు ఏమిటే, ఈ మీరు ఏమిటి? నాలుగు చివాట్లు పెట్టినా పడేదాన్ని.

రాశాను. రెండు చోట్లకీ నిన్న రాసి పంపాను, నకలు దీనికి జతచేశాను. నీ బెదిరింపుకి రాశాననుకోకు. జరిగింది చెబుతాను విను.

సతీష్ ఫోను పది రోజులుగా మూగబోయింది. ఆఫీసుకి వెళ్ళాను. జెండాలున్నాయి, మనిషి లేడు. నాలాంటి వాళ్ళు ఇంకో ముగ్గురు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, అందరూ పెద్ద పెద్ద వ్యాపారస్తులే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ఈ మొద్దులతో నేను కూడా ఒక కుర్చీలో కూర్చున్నానే అనుకుని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి వెంకటకృష్ణకి చెప్పాను. అప్పటిదాకా ఆయనకి సంతకం సంగతి తెలియదు. అన్నం ముందు నుంచి లేచిపోయారు. నాతో మాట్లాడితే రెండు మాటలు, అవీ యూనిట్ గురించే. ఎప్పుడూ మెత్తని మనిషని చులకనగా రాస్తూ వచ్చాను నీకు. మెత్తనివాళ్ళు మాట్లాడ్డం మానేస్తే ఇల్లు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

అప్పుడు మీ ఇంటికి వెళ్ళాను. మాస్టారి చేత నీకు చెప్పిద్దామని. నీకు ఆయన ఇంకా చెప్పి ఉండరనుకుంటున్నాను. వరండాలో మీ మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. నేను తిన్నగా లోపలికి వెళ్ళిపోయాను. మాస్టారు కుర్చీ వేశారు, టీ పెట్టించారు. అంతా విన్నారు. సతీష్ గురించి నేను చాలాసేపు చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. అయ్యాక, "సంతకం ఎవరు పెట్టేరమ్మా?" అని అడిగారు.

సతీష్ అని చెబుదామనే వెళ్ళాను. ఆయన మొహం చూసి నోట్లోంచి రాలేదు. నేనేనండి అన్నాను.

"మరి పింకీని ఏం చెయ్యమంటావు?"

ఆ సంతకం తనదేనని ఒక్కసారికి ఒప్పుకోమనండి మాస్టారూ, ఇక్కడ పన్నెండుమంది ఆడవాళ్ళ బతుకు అన్నాను. వెంకటదుర్గ పేరు కూడా చెప్పాను.

"అది అయ్యే పని కాదమ్మా. టీ చల్లారిపోతోంది, తాగేసి వెళ్ళు" అన్నారు.

కోపం లేదు, గట్టిగా అనలేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే పలక నా వైపు తోసి ఊరుకునేవారు చూడు, అలాగే. టీ తాగాను. ఇంటికొచ్చి రాశాను. మొదటి పేరాలో అంతా సతీష్ మీద పెట్టి రాశాను, అది కొట్టేశాను. మళ్ళీ రాశాను.

ఆన్‌లైన్ కంపెనీవాళ్ళు గంటలో జవాబిచ్చారు. అకౌంటు శాశ్వతంగా మూసేశారు. అక్కడి గోడౌనులో ఉన్న నా మ్యాట్లన్నీ నా ఖర్చుతో ధ్వంసం చేస్తారట. చెత్త గురించి అంత బెంగ పెట్టుకున్నవాళ్ళు వాడని కొత్త మ్యాట్లని చెత్త చేస్తున్నారు. ఇది చూసి కూడా నీకు వాళ్ళ మీద గౌరవం ఉంటే నేను చేయగలిగింది లేదు.

నీ ఫైలు సంగతి రాయి.

సత్య


కాసెల్
జనవరి 19, 2026

సత్యప్రియ గారికి,

ఫైలు సంగతి అడిగారు. మీ ఉత్తరం అందాక రిజిస్టరు ఆఫీసు నా మీద విచారణ మూసేసింది. నివాసం ఆఫీసువాళ్ళకి లాయరు నకలు పంపాడు. దరఖాస్తు మళ్ళీ కదిలింది. ఆరు వారాలు నేను ఏ రాత్రి ఎంత నిద్రపోయానో అది మీ ఉత్తరంలో అడగలేదు కాబట్టి రాయను.

పదిహేడు పెట్టెలూ నేనే దించాను. మా వార్డులో పంచమని రాశారు. మరకలు పడే సరుకు రోగుల దగ్గరా, నాతో పనిచేసేవాళ్ళ దగ్గరా పంచే అలవాటు నాకు లేదు. అట్ట విప్పి కాగితాల బుట్టలో వేశాను. ప్లాస్టిక్ కవర్లు పసుపు బుట్టలో. మ్యాట్లు నగరం చెత్త కేంద్రానికి రెండు విడతలుగా ట్రాములో మోసుకెళ్ళాను. అక్కడి మనిషి ఇవి మీవా అని అడిగాడు. కాదు, కానీ నా పేరు మీద వచ్చాయన్నాను. అయితే తయారుచేసినవాళ్ళు తీసుకోవాలి కదా అన్నాడు. మీరు ఆర్నెల్లుగా నవ్వుకుంటున్న రూలు మొత్తం అంతే. ఆ మనిషికి చదువు పెద్దగా ఉన్నట్టు లేదు, ఒక్క వాక్యంలో అర్థమైంది.

కొత్త మ్యాట్లు ధ్వంసం చేయడం నాకూ నచ్చలేదు. వీళ్ళ వెర్రితనాల లిస్టు నా దగ్గర మీకంటే పెద్దదే ఉంది, ఇక్కడ బతుకుతున్నాను కదా. కానీ వీళ్ళు నా సంతకం పెట్టలేదు.

ఇంకొకటి. మీరు జర్మనీ ఆఫీసుకి నిజం రాశారు. ఆన్‌లైన్ కంపెనీకి రాశారు. ఆ రెండూ చదివాను, బాగానే రాశారు. నవంబరు తొమ్మిదిన నాకు రాసిన ఉత్తరం గురించి మాత్రం ఎవరికీ ఏమీ రాయలేదు. ఆ మాటలు నా గురించి కాదు, నేను జవాబు చెప్పను. ఎవరి గురించి రాశారో ఆ మనిషి వరండాలో మంచం మీద కూర్చుని ఉంటే మీరు తిన్నగా లోపలికి వెళ్ళిపోయారు. మీరే రాశారు.

కె. పింకీ


కొత్తపేట
ఫిబ్రవరి 22, 2026

పింకీ గారికి,

వెంటనే జవాబు రాయలేకపోయాను. రాసినవి మూడు చించేశాను.

ముందు యూనిట్ సంగతి. మూసెయ్యలేదు. అంబాజీపేట వ్యాపారి ఒకాయన మ్యాట్లు తీసుకుంటున్నాడు. ఆయన కంపెనీ పేరు వేసుకుని అమ్ముకుంటాడు. మా నేత, మా పీచు, ఆయన పేరు. మొదటి లోడు ఎత్తుతుంటే చూడలేక లోపలికి వెళ్ళాను. ఆ మధ్య ఒకరోజు కూర్చుని కవర్లూ అట్టలూ తూచి, ఆ జర్మనీ రిజిస్టరులో నా పేరు నేనే నింపుకున్నాను. మీరు చెప్పినట్టు ఒక్క సాయంత్రం కూడా పట్టలేదు, మా అత్తగారి సీరియలు అయ్యేలోపల అయిపోయింది. నంబరు నా పేరు మీదే వచ్చింది. అమ్మడానికి ఎవరూ అకౌంటు ఇవ్వడం లేదు, అయినా వచ్చింది.

మొన్న ఆదివారం మీ ఇంటికి వెళ్ళాను. చర్చి నుంచి అందరూ అప్పుడే వచ్చినట్టున్నారు. మాస్టారు లోపల బట్టలు మార్చుకుంటున్నారు. మీ మామ్మగారు వరండాలో ఒక్కరే ఉన్నారు, తెల్లచీరలో. నేను లోపలికి వెళ్ళలేదు.

నేనెవరో చెప్పాను. "తెలుసండి అమ్మాయిగారూ" అన్నారు. నేను మీకు ఏం రాశానో ఆవిడకి చెప్పాను. చిన్నది చేసి చెప్పలేదు, రాసిన మాటలు రాసినట్టే చెప్పాను. తప్పు మాట రాశానండి అన్నాను.

ఆవిడ చెప్పిన మాటలు మీకు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మీ తాతగారు చెడ్డోరు కాదండి. కానీ మా వోడి సీటుకి ఆయన పేరు చెప్పేనని మీకెవరు చెప్పేరో నాకు తెలీదండి. నేనే అమలాపురం బస్సెక్కి ఆ వార్డెనుగారి గుమ్మంలో రోజూ కూర్చునేదాన్ని. విసుగొచ్చి ఇచ్చేరు."

మా ఇంట్లో అలా అనుకునేవారండి అన్నాను.

"ఆయన పేరు నేనెలా చెప్తానండి? ఫలానా ఆవిడ తెలుసా అని వాళ్ళడిగితే ఆయనేం చెప్తారు? నా పేరు ఆయనకి తెలీదు కదండి. ముప్పై ఏళ్ళు ఆ తోటలో డొక్కలు కొట్టేను. ఇదిగో, నిన్నే, అనేవారు. నేను తలెత్తేదాన్ని. ఆ వరసలో అందరం తలెత్తేవాళ్ళం, ఎవర్నో తెలీక."

మీ పేరు చిన్నమ్మలు గారని నాకు తెలుసండి అన్నాను.

"తెలిస్తే మంచిదండి" అన్నారు.

కూర్చోమనలేదు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. నేను నిలబడే ఉన్నాను. లోపలి నుంచి మాస్టారు వచ్చి నన్ను చూసి, ఆవిడ వంక చూశారు. కాసేపటికి వచ్చేశాను.

మీరు జవాబు రాయనక్కర్లేదు.

సత్యప్రియ